చెట్టుకు దయ ఎక్కడిది?

పోయిన నెల ఎఫ్.ఏ. (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. పదో తరగతి తెలుగు, 43 పేపర్లు. ఎనిమిది మార్కుల ప్రశ్న ఇచ్చింది నేనే: 'ప్రకృతి మనకు నేర్పే పాఠాలను మీ సొంత మాటల్లో రాయండి.'

42 పేపర్లలో చెట్టు పండ్లిచ్చింది, నది నీళ్లిచ్చింది, ఆవు పాలిచ్చింది, చీమ కష్టపడింది. సొంత మాటల్లో రాయమన్నాను గానీ, అంతకు పది రోజుల ముందు 'పరోపకారాయ ఫలంతి వృక్షాః' అని బోర్డు మీద రాసి, తాత్పర్యం చెప్పి, కింద ఆరు పాయింట్లు రాయించిందీ నేనే. నా పాయింట్లే నాకు తిరిగొచ్చాయి, అక్కడక్కడా ఒత్తులు రాలిపోయి. అందరికీ ఆరు, ఏడు వేసుకుంటూ పోయాను.

ఒక్క పేపర్లో మాత్రం ఐదే వాక్యాలున్నాయి. 'మా అవ్వ వాళ్ల ఊరు సోమశిల నీళ్లలో మునిగిపోయింది. పెన్నేరు మా అవ్వకు చిన్నప్పటి నుంచి నీళ్లు ఇచ్చింది. తర్వాత ఊరు తీసుకునింది. దీని నుంచి ఏం నేర్చుకోవాలో నాకు తెలీదు. మా అవ్వకు కూడా తెలీదు.'

ఎర్ర ఇంకుతో 'విషయం పక్కదారి పట్టింది' అని రాసి మూడు మార్కులు వేశాను. పాయింట్లు లేవు, ముగింపు లేదు, శ్లోకం లేదు. రూలు ప్రకారం చూస్తే మూడు కూడా ఎక్కువే. అయినా ఆ ఐదు వాక్యాలు నన్ను వదల్లేదు. ఎందుకు వదల్లేదో తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

కొడవలితోనే కదా సామీ

ఆదివారం పొద్దున్నే బండి తీసి సిద్ధవటం వైపు పోవడం నాకు ఏడెనిమిదేళ్లుగా అలవాటు. లంకమల కొండల కింద అడవి అని పేరే గానీ పెద్ద చెట్లు తక్కువ. రేగు, కలివి, బలుసు, తుమ్మ, సండ్ర. మధ్యమధ్య బోడి నేల, గులకరాళ్లు. అభయారణ్యం బోర్డు దాటి లోపలికి పోను. ఎర్రచందనం ఉన్న చోటు కాబట్టి పనీపాటా లేకుండా తిరిగే మనిషిని చూస్తే అటవీ సిబ్బందికి అనుమానం రావడం సహజం. 'ఊరికే నడవడానికి వచ్చాను' అని చెప్పి నమ్మించడం దుంగ మోయడం కంటే కష్టం. అంచుల్లోనే తిరిగి, తొమ్మిదింటికల్లా ఎండ ముదరక ముందే వెనక్కి వస్తాను.

పేపర్లు దిద్దిన తర్వాతి ఆదివారం కూడా అలాగే పోయాను. అరవై దాటిన ఒక మనిషి దోటితో సండ్ర కొమ్మలు లాగి కోస్తున్నాడు. కింద నలభై దాకా జీవాలు. (గొర్రెలనూ మేకలనూ కలిపి మనం జీవాలంటాం. ప్రాణమున్న ప్రతిదానికీ చెందాల్సిన మాటను వీటి ఒక్కవాటికే రాసిచ్చేశాం.)

'పచ్చని చెట్టును నరకడానికి మనసెట్లా వచ్చింది పెద్దాయనా?' అన్నాను. క్లాసులో వాడే గొంతు అది. ఆదివారం కూడా దిగదు.

'మనసుతో యాడ తెగుతాది సామీ, కొడవలితోనే కదా' అన్నాడాయన, కొమ్మ మీద నుంచి చూపు తిప్పకుండా.

వెటకారమో అమాయకత్వమో తెలియలేదు. కొమ్మ కిందపడ్డాక ఆయనే మళ్లీ అందుకున్నాడు. 'మొదలు తాకినానా చూడు. నడినెత్తి కొమ్మ ఇడిసిపెట్టినా. ఒక్క వాన పడితే మల్ల ఇగురు పెడ్తాది. అంతా నరుక్కొని పోతే వచ్చే ఏడు నేను యాడికి పోవల్ల?'

నేను ఊరుకోలేదు. అడవి అందరిదీ అని మొదలుపెట్టాను. ఆయన దోటి చెట్టుకు ఆనించి, 'సారూ, పొట్టేలు కూర తింటావా?' అని అడిగాడు. తింటానన్నాను.

'మల్ల అది ఏం తిని పెరిగిందనుకున్నావు?'

నా దగ్గర జవాబు లేదు. కడపలో పుట్టి పెరిగిన వాణ్ణి. ముందు రోజు రాత్రి మా ఇంట్లో వండింది కూడా అదే.

ఊరేదని అడిగితే 'ముంపు' అన్నాడు. పేరు చెప్పలేదు, ముంపు అన్నాడంతే. సోమశిల కట్ట ఉన్నది నెల్లూరు జిల్లాలో. వెనక్కి నిలిచిన నీళ్లు వచ్చింది మన కడప జిల్లా ఊళ్ల మీదికి. అట్లా 57 ఊళ్లు లేచిపోతే, ఆ జనంలో కొందరికి ఈ లంకమల కింది పొదల్లోనే కొత్తగా చోటు చూపించారు. 'మాగాణి పాయె, జీవాలు వచ్చె' అన్నాడు. దాని గురించి అంతకు మించి ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఈయనను ఋషిని చేసి, ఆయన నోట నాలుగు జ్ఞానవాక్యాలు పలికించి పోస్టు ముగించడం తేలికే. బ్లాగుల్లో గొర్రెల కాపరులందరూ వేదాంతులే. ఈయన వేదాంతి కాదు. ఉడుము కనబడితే వదిలే ప్రశ్నే లేదని నవ్వుతూ చెప్పాడు. పక్క గుంపు కాపరిని నేను ఇక్కడ రాయలేని మాటలు తిట్టాడు. నేనిచ్చిన బిస్కెట్ ప్యాకెట్ విప్పుకుని తిని, కవర్ అక్కడే పడేశాడు. నా దృష్టిలో ఆయన పెరిగిందేమీ లేదు. నేను చెట్టును చూస్తున్నాననుకున్న చోట చెట్టుతో పాటు నలభై జీవాలు, ఒక మునిగిన ఊరు, నా కంచంలో కూర కూడా ఉన్నాయని మాత్రం తెలిసింది.

'ఇచ్చింది' అనే మాట

ఇంటికొచ్చి శ్లోకం మళ్లీ చదువుకున్నాను. చెట్లు పరోపకారం కోసం కాస్తాయి, నదులు పరోపకారం కోసం పారతాయి, ఆవులు పరోపకారం కోసం పాలిస్తాయి, ఈ శరీరం కూడా పరోపకారం కోసమే. ఇరవై ఏళ్లుగా చెప్తున్నాను. ఇందులో మాట్లాడుతున్నది ఎవరని ఒక్కసారి కూడా అనుకోలేదు. పండు తిన్నవాడు, నీళ్లు తాగినవాడు, పాలు పిండుకున్నవాడు. ఆవు సంగతి దూడను అడిగి రాసి ఉంటే మూడో పాదం ఇలా ఉండేది కాదు.

రేగుచెట్టునే చూడండి. పండు తియ్యగా ఉండేది మన మీద ప్రేమతో కాదు. నక్కో పిట్టో తిని, గింజను ఇంకోచోట వదలాలి. ఆ మోతకు కూలి ఆ గుజ్జు. అదే కొమ్మకు పండ్ల కంటే ముళ్లే ఎక్కువ. ముల్లు మీద మాత్రం ఎవరూ శ్లోకం రాయలేదు.

ఇదంతా తర్కం కోసం తర్కం అనుకోవచ్చు. పిల్లలకు చెప్పే మంచిమాటలో వృక్షశాస్త్రం వెతకడం ఏమిటని కూడా అనొచ్చు. నా గొడవ వృక్షశాస్త్రంతో కాదు, 'ఇచ్చింది' అనే మాటతో. ఒకరికి ఇచ్చేవాళ్లని పేరు పెట్టేశాక, తీసుకునేవాళ్లకు అడగాల్సిన పని తప్పిపోతుంది. నది తల్లి, ఇస్తుంది. అందుకే పెన్నలో ఇసుక లారీలకెత్తేటప్పుడు తల్లిని అడిగినవాడు లేడు. ఇంట్లో ఆడవాళ్లను 'క్షమయా ధరిత్రీ' అంటాం. అలా పొగిడే ఇళ్లలో చివరి బంతిలో, అడుగంటిన కూర ఎవరి కంచంలో పడుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నాకైతే మా అమ్మ ద్వారా తెలుసు.

ముంపు ఊళ్ల సంగతీ అంతే. ప్రాజెక్టుల గురించి ఏ వేదిక మీద మాట్లాడినా 'నిర్వాసితుల త్యాగం' అనే మాట రాకుండా ఉండదు. త్యాగం అంటే ఇష్టపడి వదులుకోవడం. చేస్తావా అని ఎవరైనా అడిగితేనే కదా ఇష్టం సంగతి తేలేది. తీసుకున్న వాళ్లే దానికి త్యాగమని పేరు పెట్టి, దండం పెట్టి, దిగిపోతారు.

ఆ పిల్లవాడు తన ఐదు వాక్యాల్లో రెండు క్రియలు పక్కపక్కన పెట్టాడు. ఇచ్చింది, తీసుకునింది. నేను బోర్డు మీద రాయించినది మొదటిదొక్కటే. ఊరు తీసుకున్నది పెన్న కాదు, మనం కట్టిన కట్ట అని వాణ్ణి సరిదిద్దవచ్చు. కానీ వాళ్లవ్వ గడప దాకా వచ్చినవి నీళ్లే. ఆమె చూసింది అదే.

బయాలజీ మేడమ్ అడిగినవి

ఇదంతా స్టాఫ్‌రూమ్‌లో చెప్తే మా బయాలజీ మేడమ్ టిఫిన్ డబ్బా మూత పెట్టి అడిగారు. 'ఇప్పుడేం, పిల్లలకు పరోపకారం నేర్పొద్దంటారా సార్? చెట్టు మంచిదని నమ్మి ఒక్క పిల్లోడు రాయి వెయ్యడం మానేస్తే చాలదా? అబద్ధమైతే ఏమైంది?'

ఇది చిన్న ప్రశ్న కాదు. దయ చాలామందికి ఇలాంటి అందమైన అబద్ధాల దారినే వచ్చింది. నాకూ అంతే. చీమల పుట్ట మీద కాలు పెట్టకుండా మా అవ్వ ఆపింది చీమకు నొప్పి తెలుస్తుందని కాదు, పుణ్యం పోతుందని. పుణ్యం లెక్క తప్పో ఒప్పో, చీమలు మాత్రం బతికాయి.

కాబట్టి రాయి ఆపే అబద్ధాన్ని నేను తీసేయమనను. నా అనుమానం దాని పొడవు గురించి. పండిచ్చే చెట్టు మీద రాయి ఆగుతుంది. మరి ఏమీ ఇవ్వని దాని మీద? తుమ్మ, గబ్బిలం, పాము, ఈ కలివి పొదలు? లాభం చూపించి నేర్పిన దయ, లాభం కనబడని చోటికి వచ్చేసరికి ఆగిపోతుంది. లంకమల కింది ఈ నేలను చూసి మన ఊళ్లలో ఎవరైనా అనేది ఒకటే మాట: బీడు.

మేడమ్ రెండో ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ జవాబు లేదు. 'మీరు చేసిందీ అదే కదా సార్. అడవికి పోయి ఒక పాఠం తెచ్చుకున్నారు. మా పాఠం తియ్యగా ఉంది, మీది కొంచెం చేదుగా ఉంది.' నిజమే. చెట్టు నాకూ ఏమీ చెప్పలేదు, చెప్పించుకున్నది నేనే. ఈ పోస్టు రాయడం కూడా ఒక రకంగా దోటితో కొమ్మ లాగడమే. నడినెత్తి కొమ్మ వదిలిపెడితే చాలు.

కలివికోడి ఎవరికి పోయింది?

ఏమీ ఇవ్వని దాని గురించి మాట్లాడితే ఈ జిల్లాలో కలివికోడి దగ్గరికి రావాల్సిందే. రాత్రిపూట పొదల మధ్య ఖాళీ నేల మీద తిరుగుతూ చెదలూ పురుగులూ తినే చిన్న పిట్ట. చూడ్డానికి దొరకదు. దాని వల్ల ఒక్క మనిషికి ఒక్క పూట కూడా గడవదు.

శాస్త్రం తెలిసినవాళ్లకు 1848లో తెలిసింది. 1900లో అనంతపురం దగ్గర ఒకరు చూశారు. ఆ తర్వాత 86 ఏళ్లు లేదన్నారు, అంతరించిందన్నారు. 1986 జనవరిలో సిద్ధవటం పక్కనే ఐతన్న అనే వేటగాడు రాత్రి టార్చి వేసి పట్టుకుని తెచ్చాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు బొమ్మలు పట్టుకుని ఊరూరా అడగడం వల్ల ఇది బయటికి వచ్చింది. రెండేళ్లకు అభయారణ్యం ప్రకటించారు.

దీన్ని అందరూ 'మళ్లీ దొరికిన పక్షి' కథగా చెప్తారు. నాకు అందులో వేరే ముక్క పట్టుకుంది. ఈ పొదల్లో తిరిగేవాళ్ల దగ్గర ఆ పిట్టకు పేరుంది. కలివి పొదల్లో ఉండేది కాబట్టి కలివికోడి. వాళ్లకు అది ఎన్నడూ పోలేదు. పోయింది రాసుకునే వాళ్లకు. 86 ఏళ్లు రాసేవాళ్లు, తిరిగేవాళ్లను అడగలేదు.

పట్టుబడిన ఆ పిట్ట ఎన్నో రోజులు బతకలేదు. దాన్ని చంపాలని ఎవరూ అనుకోలేదు. ఉందని రుజువు కావాలనుకున్నారు, రుజువు చేతిలోకి వచ్చింది. తర్వాత వచ్చిన పరిశోధకులు పద్ధతి మార్చారు. పొదల మధ్య మెత్తటి మట్టి బారలుగా పరిచి, పొద్దున్నే వచ్చి కాలి గుర్తులు చూసుకునేవాళ్లు. కెమెరాలు పెట్టి వెళ్లిపోయేవాళ్లు. పిట్టను ముట్టుకోకుండా అది నడిచిన జాడ చదవడం. వినడానికి గొప్పగా ఏమీ ఉండదు. రోజుల తరబడి మట్టి చూస్తూ కూర్చోవడమే. నాకు మాత్రం ఆ మట్టి బారల పని దగ్గర దయ అనే మాట గుర్తుకొచ్చింది.

వాళ్లు తేల్చిన ఇంకో విషయం నా మొహాన కొట్టినట్టుంది. ఈ పిట్టకు దట్టమైన అడవి పనికిరాదు. బోడి నేలా పనికిరాదు. హెక్టారుకు పెద్ద పొదలు 300 నుంచి 700 దాకా ఉండే చోట ఎక్కువగా తిరుగుతుందట. అంటే పొదలు, మధ్యలో ఖాళీ. మేకలూ కొడవళ్లూ కొంత తిరిగితే ఆ ఖాళీ మిగులుతుంది. మితిమీరితే పొదలే మిగలవు. నేను అడవిని కాపాడుతున్నాననుకుని తిట్టిన మనిషి, తెలిసో తెలియకో, కలివికోడికి నడవడానికి దారి తీస్తున్నాడేమో. నాశనం కూడా చేస్తున్నాడేమో. ఏదన్నది ఎన్ని జీవాలు, ఎన్నిసార్లు, ఎంత కొమ్మ అనే లెక్క మీద ఉంటుంది. దూరం నుంచి చూసి కోపం తెచ్చుకునే నాకు ఆ లెక్క తెలియదు.

ఖర్చు ఎవరిది

ఇక్కడ నా మీద నాకే ఒక ఫిర్యాదు ఉంది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పిట్ట తిరిగే చోట్లోకి వచ్చింది. గొడవ కోర్టు దాకా పోయి, కాలువ దారి మార్చారు. అప్పట్లో నేను చాలా సంతోషించాను. బద్వేలు వైపు సేద్యం చేసే మా మామ సంతోషించలేదు. 'పిట్ట కోసం కాలువ తిప్పుతారంట. మా చేను తిప్పి యాడ పెట్టుకోవల్ల అబ్బీ?' అన్నాడు. రాయలసీమలో నీళ్ల గురించి మాట్లాడుతున్న మనిషికి పిట్ట గొప్పతనం చెప్పాలంటే నోరు రాదు. నా ఇంట్లో మున్సిపాలిటీ కుళాయి ఉంది. నా దయ నాకు ఉచితంగా వచ్చింది, ఆలస్యం ఆయన చేలో పడింది.

కర్నూలు వైపు రోళ్లపాడులో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం అభయారణ్యం పెట్టినప్పుడూ అంతే. కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల చేల మీద పడ్డాయి. బట్టమేక పిట్ట నిలవలేదు. జింకలను చూసి మురిసేది కారులో వచ్చిన మనం, రాత్రంతా చేలో కాపలా పడుకునేది రైతు.

కాలువ తిప్పడం తప్పని నేననను. ఇప్పుడు అడిగినా తిప్పమనే అంటాను. కానీ మామ మొహం మీద అనాలి, ఆయన ఎకరా లెక్క విన్న తర్వాత అనాలి. అప్పుడు నేను అది చేయలేదు. పండగ భోజనాల దగ్గర ఆ మాట రాకుండా తప్పించుకున్నాను.

అంతకంటే చిన్నది, పూర్తిగా నాదే అయిన తప్పు ఇంకొకటుంది. మా అక్క వాళ్లది రాయచోటి. పోయినప్పుడల్లా గువ్వలచెరువు ఘాట్‌లో కారు నిదానం చేసి కోతులకు అరటిపండ్లు వేసేవాళ్లం. పిల్లలకు అదొక పండగ. కోవా కొనడానికి ఆగిన చోట దుకాణం ఆమె ఒకసారి అన్నది: 'మీరు పండేసి పోతారు సార్. బండ్లు రాని పొద్దు అవి మా ఇండ్ల మీదికొచ్చేది.' నవ్వి ఊరుకున్నాను. నాకు ఆమె పిసినారిగా కనబడింది.

రెండేళ్ల క్రితం నేను ఎప్పుడూ పండ్లు వేసే మలుపులోనే ఒక తల్లి కోతి లారీ కింద పడి ఉంది. పిల్ల దాని మీదే ఉంది, బతికే ఉంది. నేను వేసిన పండ్లు మరిగే రోడ్డెక్కిందని చెప్పలేను. కాదనీ చెప్పలేను. ఆ తర్వాత మొదటిసారి పోయినప్పుడు ఆ మలుపులో కోతులు వరసగా కూర్చుని మా కారునే చూశాయి. వెనక సీట్లో మా అమ్మాయి 'ఎందుకు నాన్నా ఆపట్లేదు?' అని ఏడ్చింది. అద్దాలెత్తి పోనిచ్చాను. కారులో ఉన్న నలుగురిలో ఆ రోజు నన్ను దయగలవాడని అనుకున్నవాళ్లు ఎవరూ లేరు, నాతో సహా.

తీతువు

పోయిన ఆదివారం సంగతి చెప్పి ఆపేస్తాను.

పెన్న వైపు దిగే బండ్లదారి పక్క గులకరాళ్ల నేల మీద నడుస్తున్నాను. తీతువు అరుపు మొదలైంది. మన ఊళ్లలో తీతువు అరిస్తే చావు కబురంటారు. మా అవ్వ అయితే 'నీ నోట మన్నుపడ' అని బయటికొచ్చి ఉమ్మేది. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి అవన్నీ నమ్మను. నాకు అది పొద్దుటి సంగీతం. ఫోన్ తీసి రికార్డింగ్ ఆన్ చేశాను. పిట్ట దగ్గరికొచ్చింది, తల మీద నుంచి దూసుకుపోయింది, ఇంకా గట్టిగా అరిచింది. రికార్డింగ్ బాగా వస్తోందని ఇంకో రెండడుగులు వేశాను.

అప్పుడు కిందకి చూశాను. కాలికి మూరెడు దూరంలో నాలుగు గుడ్లు, ఉత్త నేల మీద. గూడు లేదు, గడ్డి లేదు. రాళ్లలో రాళ్లలా మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. ఇంకో అడుగు వేసి ఉంటే కాలి కింద ఏముందో కూడా తెలిసేది కాదు.

మా అవ్వ విన్నది చావు. నేను విన్నది పాట. పిట్ట చెప్తున్నది మాత్రం 'పో' అని.

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. వచ్చిన అడుగుల మీదే, ఎక్కడ పెట్టిన కాలు అక్కడే పెట్టుకుంటూ వెనక్కి నడిచాను. ఎండ పెరుగుతోంది, నేను ఎంత తొందరగా పోతే అది అంత తొందరగా గుడ్ల మీదికి వస్తుంది. ఇరవై గజాలు దాటాక అరుపు తగ్గింది. బండ్లదారి ఎక్కాక ఆగిపోయింది. తిరిగి చూడబుద్ధేసింది, చూడలేదు.

మూడు మార్కులు

సోమవారం ఆ పిల్లవాణ్ణి పిలిచి, నీకు మార్కులు తక్కువ వేశానురా అన్నాను. వాడు కంగారుపడ్డాడు. 'పర్లేదు సార్, పాసైనా కదా' అన్నాడు. మార్కులు అప్పటికే ఆన్‌లైన్‌లో ఎక్కించేశాం, మార్చడానికి లేదు. పేపర్ మీద మాత్రం 'విషయం పక్కదారి పట్టింది' అన్నదాన్ని కొట్టేసి ఇచ్చాను. వాడు దాన్ని చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. అర్థమైందో లేదో తెలియదు.

మీ అవ్వ ఊరు ఏదని అడిగాను. చెప్పాడు. ఎండాకాలం నీళ్లు తగ్గితే గుడి గోడ ఒకటి బయటపడుతుందంట, వాళ్ల చిన్నాయన చూసొచ్చాడంట. 'పోదామా సార్? బండి మీద గంట పడుతుంది' అన్నాడు.

'పోదాం. మీ అవ్వను కూడా తీసుకుపోదాం, కారు తెస్తాను' అన్నాను.

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, 'మా అవ్వ రాదు సార్' అన్నాడు. 'అందరూ అడుగుతారు. ఆమెకు చూడాలని లేదంట.'